దీపాలదిన్నె: నతవాడి సీమ యాత్రికులూ అమరావతి క్షేత్ర చరిత్రా

కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు కృష్ణానదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న గ్రామం. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలతో కూడిన మెట్టసీమకు ఇక్కడ నది దక్షిణపు హద్దు. నదికి ఆవలి ఒడ్డున అమరావతి క్షేత్రం. మహాశివరాత్రికీ కార్తిక మాసంలోనూ పన్నెండేళ్లకొకసారి వచ్చే పుష్కరాలలోనూ ఈ సీమవారికి తలపునకు వచ్చే దైవం అమరేశ్వరుడు. రోడ్డున వెళ్లదలచినవారు బెజవాడ దాకా దిగి, బ్యారేజీ దాటి, మళ్లీ ఆవలి ఒడ్డు వెంబడి ఎగువకు రావాలి. నదిమీద నేరుగా పోతే ఆ దూరం ఒక పడవ ప్రయాణం. అయితే నది ఎప్పుడూ ఒక్కతీరుగా ఉండదు. 2021 ఆగస్టులో చెవిటికల్లు వద్ద ఇసుక కోసం నదిలోకి దిగిన నూటికి పైగా లారీలు హఠాత్తుగా వచ్చిన వరదలో చిక్కుకుపోయాయి. యంత్రవాహనాల కాలంలోనే ఇట్లా ఉంటే, తెప్పలమీదా పుట్టిల మీదా ఆధారపడిన కాలంలో ఆవలి క్షేత్రానికి పోయి రావడం ఎంతటి సంకల్పమో ఊహించవచ్చు.

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సాగిన యాత్ర అమరావతి చరిత్రలో చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని అమరావతిని గురించి నేటికీ తెగని ఒక వివాదానికి కొంత సమాధానం ఈ యాత్రలోనే దొరుకుతుంది. పంచారామాలలో మొదటిదైన అమరారామం ఇక్కడి శివాలయం. తారకాసురుని కంఠాన ఉన్న లింగాన్ని కుమారస్వామి ఛేదించగా అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ, అందులో ఒకదానిని ఇంద్రుడు ఇక్కడ ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం చెబుతుంది. ఆలయానికి కొద్ది దూరంలోనే దక్షిణాపథంలోకెల్లా ప్రసిద్ధమైన బౌద్ధ మహాచైత్యం ఉండేది. నేడు అక్కడ మిగిలినది పునాదుల వలయం మాత్రమే. ఆలయం నిలవడం, చైత్యం నశించడం అనే రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టి, ఒకటి మరొకదానిని నాశనం చేసిందని తీర్మానించడం సులభం. ఆ తీర్మానం వ్యాసాలలోనూ ఉపన్యాసాలలోనూ తరచుగా వినిపిస్తుంది. దానిని శాసనాల ముందు నిలిపి చూడవలసి ఉంది.

మహాచైత్యానికి వచ్చినవారు వట్టిచేతులతో రాలేదు. క్రీస్తుపూర్వ కాలం నుంచి క్రీస్తుశకం తొలి శతాబ్దుల దాకా అక్కడ చెక్కిన ప్రాకృత శాసనాలలో రాజుల పేర్లు తక్కువ, సామాన్యుల పేర్లు ఎక్కువ. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడైన విధికుడు చర్మకారుడు. తల్లిని, భార్యను, సోదరులను, బిడ్డలను కలుపుకొని పూర్ణఘటం చెక్కిన ఒక పలకను చైత్యానికి సమర్పించాడు. హంఘుడనే సుగంధద్రవ్యాల వర్తకుడు మరొక దాత. భిక్షుణులు, గృహిణులు, వర్తకులు, ఉద్యోగులు ఇట్లాగే ఒక్కొక్క రాతిని ఇచ్చారు. దాదాపు 190 అడుగుల వ్యాసం గల ప్రాకారం లోపల నిలిచిన ఆ మహానిర్మాణం ఏ ఒక్కరి ఖజానాతోనూ కట్టినది కాదు. పలువురు యాత్రికుల చిన్న చిన్న దానాలు పేరుకొని అంతటి చైత్యమయింది. చర్మకారుని కుమారుడు కాక చర్మకారుడే, అదీ ఒక ఉపాధ్యాయుని కుమారుడు, తన పేరు రాతిమీద చెక్కించుకోగలిగిన స్థలం అది. ఆ కాలపు వృత్తి వ్యవస్థను గురించి మాట్లాడేవారు ఈ చిన్న శాసనాన్ని దాటిపోరాదు.

దానాలు నదికి ఒక్క దిక్కునే సాగలేదు. జగ్గయ్యపేట దగ్గరి బౌద్ధస్తూపం వద్ద దొరికిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. కాలం క్రీ.శ. మూడవ శతాబ్ది. సిద్ధార్థుడనే శిల్పి, నాగచంద్రుడనే శిల్పి కుమారుడు, వేలగిరిలోని బుద్ధ భగవానుని మహాచైత్యానికి తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అది చెబుతుంది. తన తల్లిని, భార్యను, బిడ్డలను, బంధువులను కూడా పుణ్యంలో భాగస్వాములను చేశాడు. సిద్ధార్థుని కుటుంబం కమ్మకరాష్ట్రానికి చెందినది. కమ్మరాష్ట్రం ప్రధానంగా కృష్ణకు దక్షిణాన గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో విస్తరించిన సీమ. అంటే, దక్షిణ సీమకు చెందిన శిల్పి ఉత్తరపు ఒడ్డున తన పేరు నిలుపుకొన్నాడు. తన చేతిపనినే దానంగా ఇచ్చాడా, వేరే శిల్పిచేత చెక్కించి ఇచ్చాడా అన్న ప్రశ్నను శాసనం విప్పదు. వృత్తి చెప్పుకోవడంలో ఉన్న గర్వం మాత్రం స్పష్టం.

ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ఈ ధాన్యకటక దేశానికి వచ్చి కొన్ని నెలలు ఉండి అభిధర్మాన్ని అభ్యసించాడు. ఆయన చూచిన పూర్వశైల, అపరశైల విహారాలు అమరావతివా, బెజవాడవా అన్నది పండితులు చర్చించుకుంటూ వచ్చిన అంశం. ఆరామాలు చాలావరకు పాడుపడి ఉన్నాయని ఆయన రాసిన మాట మాత్రం ప్రస్తుతానికి అవసరం. బౌద్ధం క్షీణించడం అప్పటికే మొదలయింది. దానికి ఏ జమీందారూ, ఏ శైవాచార్యుడూ బాధ్యుడని చెప్పే ఆధారం ఆయన రాతలో లేదు.

అసలు ఆశ్చర్యం పన్నెండవ శతాబ్దిలో ఎదురవుతుంది. అమరేశ్వరాలయంలోనే ఉన్న ఒక స్తంభం మీద కోట వంశపు రెండవ కేతరాజు శాసనం శక 1104లో, అంటే క్రీ.శ. 1182లో చెక్కించినది. కోట రాజులు కృష్ణకు దక్షిణాన ఆరువేల నాడును ధరణికోట కేంద్రంగా ఏలినవారు, శివభక్తులు. ఆ శాసనం శ్రీధాన్యకటక నగరాన్ని వర్ణిస్తూ ముందు అమరేశ్వరుని చెబుతుంది. తరువాత అదే నగరంలో బుద్ధదేవుడు వెలసి ఉన్నాడనీ, నానావిధ శిల్పాలతో అలంకృతమైన మిక్కిలి ఎత్తయిన చైత్యం అక్కడ ఉన్నదనీ చెబుతుంది. ఆ బుద్ధునికి రాజు మూడు గ్రామాలు, అఖండదీపాలు ఇచ్చాడు. శివాలయ స్తంభం మీద బుద్ధుని ప్రశంస, ఒకే దాత చేతి నుంచి రెండు దైవాలకూ దానం: మతవైరం వల్ల చైత్యం కూలిందనే వాదానికి ఈ ఒక్క స్తంభమే బలమైన అడ్డు. కేతరాజు బౌద్ధుడై ఈ దానం చేశాడనుకోవలసిన పని లేదు. తన నగరంలోని దైవాలన్నింటికీ దీపం పెట్టడం రాజధర్మంలో భాగమని ఆయన భావించాడు.

ఆ స్తంభం మీదే మరొక శాసనం ఉంది. శక 1156, అంటే క్రీ.శ. 1234 నాటిది. నతవాడి రుద్రుని కుమార్తె బయ్యల, శ్రీధాన్యఘాటిలో నివసించే బుద్ధదేవునికి అఖండదీపం సమర్పించినట్లు అది నమోదు చేస్తుంది. ఈ శాసనాన్ని ఆంధ్ర బౌద్ధం ఎంతకాలం నిలిచిందో తేల్చే ఆధారంగా చరిత్రకారులు వాడారు. దాత ఎక్కడి ఆమె అన్నదానికి దక్కిన శ్రద్ధ తక్కువ. నతవాడి అంటే కృష్ణకు ఉత్తరాన నేటి మధిర, నందిగామ ప్రాంతాలతో కూడిన సీమ. కాకతీయులకు సామంతులుగా, వియ్యంకులుగా ఉన్న నతవాటి ప్రభువులు ఏలిన నేల. అంటే ఈ వ్యాసారంభంలో చెప్పిన మెట్టసీమే. ఆ సీమ ఇంటి ఆడపడుచు పేరుమీద నది ఆవలి ఒడ్డున బుద్ధుని ముందు దీపం వెలిగింది. మహాచైత్యాన్ని పూజాస్థలంగా చూపే చివరి తెలుగునాటి ఆనవాళ్లలో ఇది ఒకటి. చెవిటికల్లు వంటి గ్రామాల నుంచి నేడు కార్తిక దీపాలు పెట్టడానికి వచ్చే స్త్రీలకు ఏడెనిమిది వందల ఏళ్ల నాటి ముందుతరం దాత ఈమె.

ఆ కాలపు శాసనాలలో అఖండదీపం అంటే ఒక పూటకు వెలిగించిన ప్రమిద కాదు. రోజూ నేయి అందేటట్లు గొర్రెలనో ఆవులనో కాపరులకు అప్పగించి, తరతరాలు నడిచేలా ఏర్పాటు చేయడం. దీపం వెలగాలంటే మంద ఉండాలి, కాపరి ఉండాలి, పూజారి ఉండాలి, లెక్క చూచేవారుండాలి. కాబట్టి 1234లో దీపదానం జరిగిందంటే అప్పటికి చైత్యం శిథిలం కాదు. దాని చుట్టూ పనిచేసే మనుషులున్న ఒక సంస్థ. వంద సంవత్సరాల తరువాత కూడా అది దూరదేశాల దృష్టిలో ఉంది. సింహళంలోని గడలాదెణియ శిలాశాసనం, 1344 నాటిది, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించాడని చెబుతుంది. అమరావతి బౌద్ధాన్ని గురించి చరిత్రకారులు చివరగా ఉదాహరించేది ఈ శాసనాన్నే.

తరువాత జరిగినది విధ్వంసం కంటే విస్మృతి అనడం సమంజసం. 1323లో కాకతీయ రాజ్యం కూలింది. నదికి ఇరువైపులా అధికారాలు మారాయి. దీపానికి మందలిచ్చే ప్రభువులు లేనప్పుడు దీపం ఆరుతుంది, దీపం ఆరిన చోటికి యాత్రికుడు రాడు. అమరేశ్వరునికి మాత్రం ఆ ఆదరణ తెగలేదు. 1515లో కొండవీడు గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయలు అమరేశ్వర సన్నిధికి వచ్చి తులాపురుష మహాదానం చేశాడు. గజపతుల నుంచి గెలుచుకున్న దేశంలో తన ప్రభుత్వాన్ని ప్రకటించుకోవడానికి ఆయన ఎంచుకున్న వేదికలలో అమరావతి ఒకటి. అందువల్ల ఆ యాత్రను భక్తిగా మాత్రమే చదవడం పొరపాటు. రాజకీయంగా మాత్రమే చదవడమూ అంతే.

నేడు యాత్రికుడు చూచే అమరావతి పట్టణం ప్రాచీన ధాన్యకటకం కాదు. ప్రాచీన నగరం పడమటి వైపు ధరణికోట మట్టిగోడల కింద ఉంది. ప్రస్తుత పట్టణం పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు వెలయించినది. వాసిరెడ్డి వారి జమీందారీ కృష్ణకు రెండు ఒడ్డులా ఉండేది. బేతవోలు గ్రామం ఆయన తండ్రి జగ్గయ్య పేరున జగ్గయ్యపేట అయింది. ముక్త్యాల జమీందారులూ ఆ వంశీకులే. ఎగువన చింతపల్లిలో ఉన్న తన రాజధానిని వెంకటాద్రి నాయుడు అమరావతికి మార్చాడు. ఎందుకు మార్చాడన్నదానికి జనంలో ఒక కథ ఉంది. తన పాలనలో దోపిడులు చేస్తున్నారన్న కోపంతో చెంచులను విందుకు పిలిచి చంపించాడనీ, ఆ పాపం వెంటాడగా పరిహారార్థం అమరేశ్వరుని పాదాల చెంతకు చేరి ఆలయాలు కట్టించాడనీ చెబుతారు. నరుకుళ్లపాడు అనే ఊరి పేరును కూడా ఈ కథతో ముడిపెడతారు. కథలోని వివరాలు చెప్పేవారిని బట్టి మారుతాయి. అయినా ఒక జమీందారును ఇంతగా కీర్తించిన ప్రాంతమే ఆయన మీద హత్యాపాతకం మోపే కథను కూడా దాచుకోకుండా చెప్పుకోవడం విశేషం. చంపబడిన చెంచుల తరఫున మిగిలిన సాక్ష్యం బహుశా ఆ కథ ఒక్కటే.

కథతోపాటు మరొక కారణాన్ని కూడా గమనించాలి. ఉత్తర సర్కారులు 1766లో, గుంటూరు సీమ 1788లో ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారును పేష్కషు చెల్లించే భూస్వామిగా నిర్ణయించింది. సొంత సైన్యాలకు కాలం చెల్లింది. కోట కట్టలేనివాడు గోపురం కడతాడు. మంగళగిరిలో 1807–1809 మధ్య లేచిన పదకొండు అంతస్తుల గోపురం ఆయన కట్టించినదే. అమరేశ్వరాలయాన్ని బాగుచేయించాడు, పట్టణానికి వీథులు తీర్చాడు, వర్తకులను, వృత్తులవారిని, బ్రాహ్మణ కుటుంబాలను రప్పించి నిలిపాడు. రాజ్యాధికారం చేజారుతున్న తరుణంలో రాజత్వాన్ని చూపడానికి మిగిలిన మార్గం క్షేత్రనిర్మాణం. ఆ నిర్మాణానికి ఇటుకలు, రాళ్లు కావలసివచ్చాయి. ఊరికి దక్షిణంగా ఒక పెద్ద దిబ్బ ఉంది. ఊరివారు దానిని దీపాలదిన్నె అంటున్నారు.

బుద్ధుని పేరు ఎవరికీ గుర్తు లేదు, దీపం పేరు మాత్రం మిగిలింది. పనివాళ్లు తవ్వగా పెద్ద ఇటుకలు, చెక్కడపు పాలరాతి పలకలు బయటపడ్డాయి. నిజానికి అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. సర్వేయరు కాలిన్ మెకంజీ ఈ సంగతి విని 1798 ప్రాంతంలో అమరావతికి వచ్చి కొద్ది కాలం చూచి వెళ్లాడు. ఆయన వృత్తాంతం 1807లో అచ్చయింది. ఇండియా సర్వేయర్ జనరల్ హోదాలో 1816లో తన బృందంతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువుగా తవ్వబడి ఉంది. కొన్ని పలకలు కట్టడాలలో, చెరువు మెట్లలో చేరాయి. కొన్ని మసీదులో చేరాయి, వాటిమీది బొమ్మలను ముందుగా అరగదీశారు. మెకంజీ చిత్రకారులు మిగిలిన వాటిని శ్రద్ధగా గీశారు. అందులో కొన్ని శిల్పాలకు నేడు ఆ గీతలే మిగిలిన రూపం. వెంకటాద్రి నాయుడు ఆ 1816లోనే కాలం చేశాడు.

ఇక్కడ తీర్పు జాగ్రత్తగా ఇవ్వాలి. వెంకటాద్రి నాయుడు మహాచైత్యాన్ని పాడుచేయించాడన్నది నిజం. బౌద్ధద్వేషంతో పాడుచేయించాడన్నది నిజం కాదు. ద్వేషించడానికి కూడా ఎదుటివారు ఎవరో తెలియాలి. ఆయనకూ ఆయన పనివారికీ అది ఇటుకల గని. ఇది ఆయన దోషాన్ని తుడిచివేయదు, దాని స్వభావాన్ని మార్చుతుంది. కేతరాజు స్తంభం ఆ ఆలయంలోనే ఉంది. దానిని చదివి చెప్పగలిగిన పండితుడు జమీందారు సభలో ఒక్కడున్నా, తమ ఊరి చైత్యం గురించి ఆ రాయే చెప్పి ఉండేది. లిపి మారిపోయింది, చదివేవారు లేరు.

తెలిసినవారు చేసినదీ తక్కువేమీ కాదు. 1830లలో మచిలీపట్నం కలెక్టరు రాబర్ట్‌సన్ కొన్ని పలకలను తీసుకుపోయి బజారు కూడలిలో అలంకారంగా నిలిపాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉండి, తరువాత 1859లో లండనుకు ఓడెక్కాయి. అక్కడా కొంతకాలం బండ్ల షెడ్డులో మూలపడి ఉండగా జేమ్స్ ఫెర్గూసన్ వెలికితీశాడు. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఆజ్ఞతో స్థలమంతా ఒకేసారి తుడిచి తవ్వడంతో, పొరలు చదివి చైత్యం దశలను తెలుసుకునే అవకాశం చాలావరకు పోయింది. మరుసటి ఏడాది చివర వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు కనిపించినది ఒక గొయ్యి. జమీందారు పేరు చెప్పేవారు ఈ గవర్నరు పేరు చెప్పడం అరుదు.

ఉత్తరపు ఒడ్డున కథ భిన్నంగా లేదు. సిద్ధార్థ శిల్పి స్తంభాలు నిలిపిన జగ్గయ్యపేట స్తూపపు దిబ్బను స్థానికులు ధనంబోడు అనేవారు. నిధి ఉంటుందన్న ఆశ ఆ పేరులోనే ఉంది. 1882లో బర్జెస్ పరిశీలించేనాటికి అక్కడి ఇటుకలను, పలకలను జనం కట్టుబడులకు తరలించుకుపోయి ఉన్నారు. ఒక ఒడ్డున దీపాలదిన్నె, మరొక ఒడ్డున ధనంబోడు. ఒక పేరులో పూజ జ్ఞాపకం, మరొక పేరులో సంపద ఊహ. రెండింటి గతీ ఒకటే అయింది. బర్జెస్ 1887లో ప్రకటించిన గ్రంథంలో రెండు స్తూపాలనూ కలిపే వర్ణించాడు.

అమరేశ్వరుని దర్శనానికి వచ్చే యాత్రికుడు నేడు గుట్టమీది ఆలయంలో మెట్లెక్కి, పై అంతస్తు నుంచి అభిషేకం జరిగే ఎత్తయిన తెల్లని లింగాన్ని చూస్తాడు, బాలచాముండికకు మొక్కుతాడు, నదిలో దీపం వదులుతాడు. స్తూపం వైపు వెళ్లేవారు తక్కువ. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు టిబెట్టు నుంచి, హిమాలయ సీమల నుంచి వచ్చిన బౌద్ధులతో ఈ ఊరు నిండిపోయింది. వారికి ధాన్యకటకం కాలచక్ర తంత్రం ఉపదేశింపబడిన పుణ్యస్థలం. ఊరివారు మరిచిన పేరును వారు తమ గ్రంథాలలో తరతరాలుగా నిలుపుకొని ఉన్నారు.

మహాచైత్యపు పలకలలో పెద్ద భాగం లండను బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉంది. జగ్గయ్యపేట నుంచి పోయిన మాంధాత చక్రవర్తి పలక కూడా ఎగ్మూరుకే చేరింది. చేయెత్తి నిలిచిన ఆ రాజు మీద మేఘాల నుంచి నాణేలు వానగా కురుస్తున్నట్లు ఉత్తరపు ఒడ్డు శిల్పి చెక్కాడు. నదికి ఈవలా ఆవలా పుట్టిన రాళ్లు ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నాయి. బయ్యల దీపదాన శాసనం మాత్రం అమరావతి వదిలిపోలేదు. అమరేశ్వరాలయంలో, కేతరాజు దానాన్ని మోస్తున్న స్తంభం మీదే ఉంది.